నల్ల కొంగల శీతకాలం: ఏటూరునాగారం నుంచి ప్రాజెక్టు డైరీ

2024 అక్టోబరు 20, హనుమకొండ

వానలు వెనకబట్టాయి. గోదావరి ఇంకా ఎర్రగానే పారుతోందని ఏటూరునాగారం నుంచి ఫోను వచ్చింది. నీరు తేటపడడానికి మరికొన్ని వారాలు పడుతుంది. ఈలోగా ఈ శీతకాలం పని ఎలా సాగాలో రాసి పెట్టుకుంటున్నాను.

మేము చూస్తున్నది నల్ల కొంగను. ఇది మన దగ్గర గూడు పెట్టదు. యూరప్ నుంచి రష్యా, మంగోలియా, ఉత్తర చైనా దాకా పరుచుకున్న పాత అడవుల్లో, కొండ చరియల మీద దీని గూళ్లుంటాయి. ఆసియా ఉత్తర భాగంలో పుట్టినవాటిలో కొన్ని చలికాలానికి మన దేశానికి దిగుతాయి, వేసవి ముదరక ముందే తిరిగి వెళ్తాయి. మొత్తం ప్రపంచం లెక్కలో, జాతులకున్న ముప్పును అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే జాబితాలో చేర్చలేదు. కానీ గూడు పెట్టే చాలా దేశాల్లో పరిస్థితి వేరు. చైనా, ఎస్టోనియా దీనికి తమ చట్టాల్లో అత్యున్నత రక్షణ ఇచ్చాయి. పాత అడవి పోతే దీనికి గూడు లేదు. మనిషి అలికిడి దగ్గరైతే గూడు వదిలేస్తుంది. గోదావరి పొడవునా వందలాది కొంగ జాతి పక్షులు కనిపించినా, వాటిలో నల్ల కొంగలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి.

అక్కడ గూటిని కాపాడేవాళ్లు అక్కడున్నారు. ఏడాదిలో నాలుగైదు నెలలు మాత్రం ఆ పక్షి బాధ్యత మనది. ఆ నెలల్లో అది కడుపునిండా తిని, ఒంట్లో కొవ్వు కూడగట్టుకుని తిరిగి వెళ్లాలి. చిక్కిపోయి వెళ్లిన పక్షికి అక్కడ ఎంత మంచి చెట్టున్నా గుడ్లు పెట్టే సత్తువ ఉండదు. మా ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క ఆలోచన మీదే నడుస్తోంది.

జట్టులో అటవీశాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, ఇద్దరు డిగ్రీ విద్యార్థులు, ఒక పశువైద్యురాలు, బడిపంతులునైన నేను. ఏటూరునాగారం అభయారణ్యం అంచున, గోదావరిలో కలిసే ఒక వాగు, దాని ముందు పరుచుకున్న ఇసుక తిన్నెలు మా చోటు. వాగు పేరు, మడుగు పేరు ఈ డైరీలో రాయను. ఫొటో కోసం పక్షిని పనిగట్టుకుని లేపేవాళ్లు ఉన్నారు, వాళ్లకు దారి చూపడం నాకు ఇష్టం లేదు.

నవంబరు 9

మొదటి పరిశీలన. ఆగస్టు 31 నాటి గాలివానకు తాడ్వాయి, మేడారం వైపు వేల చెట్లు కూలిన సంగతి పత్రికల్లో అందరూ చదివిందే. మేము నడిచే కాలిబాట మీద కూడా రెండు పెద్ద నల్లమద్దులు అడ్డంగా పడి ఉన్నాయి. చుట్టూ తిరిగి వెళ్లాం.

వాగు నోటి దగ్గర ఇసుక తిన్నె గత ఏడాది ఉన్నచోట లేదు. వరద దాన్ని కోసి దిగువకు తోసింది. కొత్త పాయ ఒకటి తెరుచుకుంది. మంచి మార్పే, ఎందుకంటే ఆ పాయలో నీళ్లు పలచగా, రాళ్ల మీదుగా పారుతున్నాయి. వెదురు కర్రకు పది సెంటీమీటర్లకొక రంగు గీత పెట్టి లోతులు కొలిచాం. నల్ల కొంగ నడుస్తూ వేటాడుతుంది, ఈదదు. కాళ్లు ఎంత పొడుగైనా మోకాలి లోతు దాటిన నీటిలో దానికి పని లేదు. కంటితో చూసి పొడుస్తుంది కాబట్టి నీరు తేటగానూ ఉండాలి. పలచని, తేటైన, కదిలే నీరు గోదావరి మీద రోజురోజుకూ అరుదవుతోంది. మేడిగడ్డ, తుపాకులగూడెం దగ్గర బ్యారేజీలు కట్టాక నది కొన్నిచోట్ల చెరువులా నిలబడడం, కొన్నిచోట్ల ఒక్కసారిగా పొంగి తగ్గడం అలవాటైంది. అందుకే మా దృష్టి వాగు మీదికి మళ్లింది.

నల్ల కొంగలు రాలేదు. తెల్లమెడ కొంగలు ఒక జంట, చిల్లుముక్కు కొంగల గుంపు ఒకటి, నల్ల కంకణాలు కనిపించాయి.

నవంబరు 24

వచ్చాయి. నాలుగు.

ఉదయం మంచు విడుతుండగా పెద్దాయన ముందు గుర్తుపట్టారు. ఎగిరేటప్పుడు మెడ చాపి ఉంది, అంటే నారాయణ పక్షి కాదు. మెడ నల్లగా ఉంది, అంటే తెల్లమెడ కొంగ కాదు. పొట్ట తెల్లగా, రెక్క అడుగున ఒంటికి ఆనుకుని తెల్లని ముక్కోణం. స్కోపు తిప్పేసరికి తిన్నె మీద దిగి ఒళ్లు దులుపుకుంటున్నాయి.

వాటిలో ఒకటి మేము కూర్చున్న గట్టుకు బాగా దగ్గరగా వచ్చింది. దూరం నుంచి బొగ్గులా కనిపించే ఆ నలుపు దగ్గరగా నలుపు కాదు. మెడ మీద ఆకుపచ్చ, భుజం మీద వంకాయ రంగు, ఎండ మారినప్పుడల్లా రాగి మెరుపు. ముక్కు, కాళ్లు, కంటి చుట్టూ ఉన్న చర్మం ముదురు ఎరుపు. అది నీటిలోకి దిగి ఒక్కో అడుగు వేసే ముందు కాలి వేళ్లు ముడిచి, నీటి చప్పుడు రాకుండా ఆనించింది. తల కిందికి వంచి చాలాసేపు కదల్లేదు. తర్వాత ఒక రెక్క కొద్దిగా విప్పి నీటి మీద నీడ పట్టింది. నీడలో నీటి మెరుపు పోయి అడుగు కనిపిస్తుంది, చేప కూడా నీడకు చేరుతుందంటారు. ఆ వెంటనే పొడిచింది. ముక్కులో వేలెడు జెల్ల. జెల్లకు ముళ్లుంటాయి. రెండు మూడుసార్లు ముక్కులోనే తిప్పి, తల ముందుకు వచ్చేలా సర్దుకుని మింగింది. తర్వాత ముక్కు నీటిలో ముంచి, తల పైకెత్తి ఒక గుక్క తాగింది. ఆ చోట నీళ్లు కర్ర మీద రెండో గీతకు కాస్త కింద ఉన్నాయి.

నాలుగింటి కాళ్లకూ ఉంగరాల కోసం చూశాం. లేవు. గూటి దగ్గర శాస్త్రవేత్తలు పిల్లలకు అంకెలున్న ఉంగరాలు తొడుగుతారు. అలాంటిది కనిపిస్తే ముంబయిలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేయాలి. విద్యార్థులకు ఇదే చెప్పాను: ముందు కాళ్లు చూడండి, తర్వాత ముక్కు రంగు చూడండి, అందం చూడడానికి చివర్లో సమయం దొరుకుతుంది.

డిసెంబరు 6

మొన్న, 4వ తేదీ ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు అడవుల కింద భూమి కంపించింది. రిక్టర్ స్కేలు మీద 5.3. హనుమకొండలో మా ఇంటి కిటికీలు గలగలలాడాయి. ఈరోజు వెళ్లి చూస్తే వాగు గట్టు ఒకచోట చిన్నగా విరిగి ఉంది, అది కంపనానికో అంతకుముందే ఒరిసిపోయిందో మాకు అనవసరం. కొంగలు నాలుగూ తమ చోట్లోనే ఉన్నాయి. ఊళ్లో అందరి నోటా భూకంపం మాటే, కొంగల సంగతి ఎవరూ ఎత్తలేదు.

డిసెంబరు 15

ఇవాళ చేసిన పని ఈ సీజన్‌కంతటికీ ముఖ్యమైనది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

తెల్లవారుజామున మత్స్యకారుల సంఘంలోని ఒకాయన ఫోను చేశారు. ఎగువ మడుగులో ఎవరో చేపలను చంపే మందు కలిపారు. మేము చేరేసరికి నీటి మీద చేపలు వెల్లకిలా తేలుతున్నాయి, కొన్ని ఇంకా నోరు తెరిచి మూస్తున్నాయి. ఎండ్రకాయలు నీళ్లలో ఉండలేక ఇసుక మీదికి పాక్కుంటూ వచ్చి అక్కడే చచ్చాయి. గట్టున మిరప చేనుకు కొట్టే పురుగుమందు వాసన. పెద్ద చేపలు ఏరుకుపోయారు, చిన్నవి వదిలేశారు. మా కొంగలు తినేవి ఆ చిన్నవే.

చచ్చిన చేపను కొంగ తిన్నా, గద్ద తిన్నా, కుక్క తిన్నా విషం వాటి ఒంట్లోకి పోతుంది. మా పశువైద్యురాలు ముందు చెప్పింది ఇదే. చేతులకు తొడుగులు వేసుకుని, ఊళ్లో కుర్రాళ్లు, మేము కలిసి గంపలతో ఏరాం. నీటికి దూరంగా లోతైన గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాం. సీసాల్లో నీళ్లు, ఐస్ డబ్బాలో కొన్ని చేపలు పరీక్షకు తీసుకున్నాం. మత్స్యశాఖకు, అటవీశాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. ఒక విద్యార్థి దిగువ పాయ దగ్గర నిలబడి, కొంగలు పైకి రాకుండా మధ్యాహ్నం దాకా కాపు కాశాడు. పక్షిని లేపకూడదన్నది మా నియమం. ఇవాళ దాన్ని కావాలనే పక్కన పెట్టాం.

సాయంత్రం సంఘం వాళ్లతో రేవు దగ్గర కూర్చున్నాం. వాళ్ల మీద అనుమానం ఉందేమోనని మొదట ముభావంగా ఉన్నారు. సంఘంలో పెద్దాయన అన్నారు: "సారూ, మందు పోసినవాడు రాత్రికి రాత్రి వచ్చి పోతాడు. మాకు ఏడాది పొడవునా ఈ వాగే కూడు. మా కంచంలో మేమే మట్టి ఎందుకు పోసుకుంటాం?"

ఆయన మాట నిజం. ఒకసారి మందు పడిన మడుగులో పిల్లచేప, గుడ్డు, పురుగు అన్నీ పోతాయి. కొంగ ఆకలి, బెస్తవారి నష్టం ఒకేచోట మొదలవుతున్నాయి. నేను అడిగాను: "పలచ నీళ్లున్న పై పాయలో వల వేయకుండా ఉండగలరా పెద్దయ్యా? మార్చి దాకా చాలు."

"అక్కడ మాకు దొరికేది గుప్పెడు. దానికోసం కొంగను బెదిరించే అవసరం మాకేముంది? కానీ మీరూ ఒక మాట ఇవ్వాలి. మందు పోసినవాళ్ల మీద కేసు పెట్టమని మేము అడిగినప్పుడు మా వెనక నిలబడాలి."

ఇచ్చాం. పై పాయలో వల ఉండదు. లోతైన మడుగు పూర్తిగా వాళ్లది. తెప్పలు ఉదయంపూట అవతలి ఒడ్డు వెంబడి వెళ్తాయి. రాత్రి అనుమానంగా ఎవరైనా కనిపిస్తే వాళ్లు మాకు ఫోను చేస్తారు, మేము అటవీశాఖ బీట్ ఆఫీసర్‌కు చేస్తాం. బోర్డులు పెట్టడం, కరపత్రాలు పంచడం కంటే ఈ ఒక్క ఒప్పందం విలువైనదని నా గట్టి నమ్మకం.

2025 జనవరి 12

ఆసియా నీటిపక్షుల గణన. 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతున్న ఈ లెక్కలో ఈసారి మా వాగు, తిన్నెలు కూడా చేరాయి. బాపన బాతులు బాగా ఉన్నాయి. నల్ల కొంగల గుంపు పెరిగింది, ఏడు కనిపించాయి. వాటిలో రెండు నిరుడు పుట్టిన పిల్లలు.

ఈ పిల్లల గురించి కాస్త ఎక్కువ రాయాలి. పెద్ద పక్షికి ముక్కు ఎరుపు, పిల్లకు బూడిద, ఆకుపచ్చ కలిసిన మాసిన రంగు. ఒళ్లు మెరవదు, గోధుమ ఛాయ. తల్లిదండ్రులు సాధారణంగా మూడు నుంచి ఐదు గుడ్లు పెడతాయి. పొదగడానికి ఐదు వారాలు, గూట్లో పెరగడానికి మరో రెండు నెలలకు పైగా పడుతుంది. అంటే ఈ రెండూ నిరుటి వేసవిలో ఎక్కడో ఒక ముసలి చెట్టు కొమ్మ మీద పుట్టి, వేసవి చివర రెక్కలు విప్పి, మొదటి శీతకాలానికే ఇంత దూరం వచ్చాయి. పిల్లలు ఎక్కువగా తల్లిదండ్రుల వెంట కాకుండా విడిగానే బయల్దేరతాయి. వాటిలో చాలావరకు మొదటి ఏడాది దాటవు. దాటినవి కూడా మూడేళ్లు వచ్చేదాకా గూడు పెట్టవు.

ఆ గూళ్లు మేము ఎన్నడూ చూడబోము. గుంపులో గోధుమ రంగు పిల్లలు ఎన్ని ఉన్నాయో ఏటా రాసుకుంటూ పోతే, అక్కడ గూళ్లు ఎలా సాగుతున్నాయో కొంత అందుతుంది. అందుకే ఫారంలో "పెద్దవి, పిల్లలు" అని రెండు గళ్లు వేరుగా గీయించాను.

జనవరి 30

రాత్రి ఎగువ నుంచి నీళ్లు వదిలారు. తెల్లారేసరికి గోదావరి తిన్నె సగం మునిగింది. కర్ర పాతిన చోట నడుం లోతు. కొంగలన్నీ వాగులోకి వచ్చేశాయి. నది పొంగినప్పుడు వాటికి మిగిలే ఆశ్రయం ఈ వాగు ఒక్కటే అని ఇవాళ కళ్లారా చూశాం.

అదే వాగును ఇసుక ట్రాక్టర్లు దాటుతున్నాయి. ఒక్క ట్రాక్టర్ దాటితే దిగువన చాలాసేపు నీళ్లు బురదగా ఉంటాయి, కొంగలు మెడ పైకెత్తి ఊరికే నిలబడతాయి. వరసగా దాటితే ఆ పూట వేట లేనట్టే. పొద్దున్నే తినాల్సిన పక్షి మధ్యాహ్నం దాకా ఆకలితో ఉంటే దాని నష్టం మన కంటికి కనిపించదు, మార్చిలో దాని రెక్కకు తెలుస్తుంది.

ఇది రాజ్యాంగం గిరిజనులకు ప్రత్యేక రక్షణ ఇచ్చిన ఐదో షెడ్యూలు ప్రాంతం. ఇలాంటి ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఇసుక విషయంలో గ్రామసభ మాటకు బలం ఉంది. అందుకే మండల కార్యాలయంలో అర్జీ ఇచ్చి ఊరుకోకుండా ఊరి పెద్దలను కలిశాం. వాగు మధ్యలో కాకుండా, దిగువన రాళ్ల మీదుగా దాటు మారిస్తే బురద పై పాయకు చేరదు. కోయ పెద్దలు ఇద్దరు మాతో నడిచి వచ్చి ఆ చోటు తామే చూపించారు. ట్రాక్టర్ల వాళ్లకు దూరం కొంత పెరుగుతుంది. ఒప్పుకున్నవాళ్లున్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు.

ఫిబ్రవరి 14

మేడారంలో మినీ జాతర. జనం వాగుల వెంట దిగి వంటలు చేసుకుంటున్నారు. భక్తితో వచ్చినవాళ్లను తరమడం మా పని కాదు. విద్యార్థులు పాయకు ఇవతలే నిలబడి, స్నానానికి దిగువ మడుగు బాగుంటుందని దారి చూపారు. ప్లాస్టిక్ ఏరాం. కొంగలు రెండు రోజులు అడవి లోపలికి వెళ్లి, జనం పలచబడ్డాక తిరిగి వచ్చాయి.

మార్చి 9

బయల్దేరుతున్నాయి. ఉదయం తొమ్మిది దాటాక, ఇసుక వేడెక్కి గాలి పైకి లేవడం మొదలయ్యాక ఐదు పక్షులు తిన్నె మీద నుంచి లేచి చుట్లు తిరగడం మొదలుపెట్టాయి. రెక్క ఆడించకుండా వేడిగాలి మీద ఆనుకుని ఎక్కడం వీటి పద్ధతి. బరువైన పక్షి, మూడు కిలోల దాకా ఉంటుంది. అంత దూరం రెక్క కొట్టుకుంటూ వెళ్తే ఒంట్లో శక్తి మిగలదు. ఒకచోట పైకెక్కి, అక్కడి నుంచి జారి, మళ్లీ ఇంకోచోట పైకెక్కుతుంది. సముద్రం మీద, రాత్రిపూట ఈ గాలి దొరకదు కాబట్టి పగలు, నేల మీదుగానే ప్రయాణం. దారిలో కరెంటు తీగలు, తుపాకులు, ఎండిన చిత్తడి నేలలు ఎన్ని ఉంటాయో. ఐదూ చుక్కలయ్యేదాకా చూసి, ఉత్తరంగా వెళ్లాయని రాసుకున్నాం.

గోధుమ రంగువి రెండూ ఇంకా వాగులోనే ఉన్నాయి. గూడు పెట్టే వయసు రాలేదు, వాటికి తొందర లేదు. అవి ఉన్నంతకాలం పాయలో వల వేయకూడదన్న మాట కొనసాగాలని సంఘం పెద్దాయనకు చెప్పాం. ఎండాకాలంలో మడుగులు కుంచించుకుపోయి చేప అంతా ఒకచోట చేరుతుంది. మందు పోసేవాడికి అదే అదను. రాత్రి కాపు ఏప్రిల్ దాకా పొడిగించాం.

మే 18

ఎస్టోనియాలో ఈగల్ క్లబ్ వాళ్లు నల్ల కొంగ గూటి మీద కెమెరా పెడతారు, ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. బడికి సెలవులు కాబట్టి ఊళ్లో పిల్లలను పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టి కంప్యూటర్‌లో చూపించాం. తల్లో తండ్రో వచ్చి, గొంతులోంచి చేపలను గూటి నేల మీద కక్కితే పిల్లలు ఏరుకుని తింటాయని చెప్పినప్పుడు అందరూ ముఖం చిట్లించి, తర్వాత కళ్లు తిప్పకుండా చూశారు.

"మన వాగుకు వచ్చేది ఇదేనా సారూ?" అని ఒక పాప అడిగింది. కాదని చెప్పాను. ఎస్టోనియా, చెక్ దేశాల వైపు కొంగలు ఎక్కువగా ఆఫ్రికాకు వెళ్తాయి. 1995లో చెక్ రేడియో మొదలుపెట్టిన ప్రాజెక్టులో వాటి వీపున ట్రాన్స్‌మిటర్లు కట్టి ఆ దారి మొత్తం అనుసరించారు. మనవి అంతకంటే చాలా తూర్పు నుంచి వస్తాయి. "మరి వాటి గూటికి కెమెరా ఎందుకు లేదు?" అని మళ్లీ అడిగింది. ఆ ప్రశ్న అడిగిన పిల్లకు వచ్చే శీతకాలం బైనాక్యులర్స్ ఇచ్చి మాతో కూర్చోబెట్టుకోవాలి.

ఆగస్టు 3

నల్ల కొంగలు లేని నెలల్లో వాటి దగ్గరి చుట్టాన్ని చూస్తున్నాం. తెల్లమెడ కొంగ జంట వాగు ఒడ్డున ఏరుమద్ది చెట్టు మీద గూడు పెట్టింది. ఐయూసీఎన్ లెక్కలో ఇది ముప్పుకు చేరువలో ఉన్న జాతి. నాటు పొలాల్లో కప్పలు, పురుగులు, ఎండ్రకాయలు తెచ్చి పిల్లలను సాకుతోంది. మూడు పిల్లలు.

చెట్టు కిందుగా మోటారుకు వెళ్లే కరెంటు తీగ వేలాడుతోంది. పిల్లలు రెక్కలు సాధన చేసేటప్పుడు ముందు తగిలేది ఆ తీగే. పొలం యజమానురాలిని అడిగాం: "పెద్దమ్మా, పిల్లలు ఎగిరేదాకా తీగ సర్దుకుందామా?" ఆవిడ గూటివైపు చూసి, "నా పొలంలో పురుగు ఏరుకునే పిట్టే కదా, ఉండనీ బిడ్డా. తీగ సంగతి లైన్‌మన్‌తో మాట్లాడండి" అన్నారు. లైన్‌మన్ సరఫరా ఆపి, తీగను బిగించి, చెట్టు కింద ఉన్న మేర ప్లాస్టిక్ పైపు తొడిగారు. పని గంటలో అయిపోయింది. ఖర్చు మా సొంతం, చాలా తక్కువ.

సెప్టెంబరు 28

తెల్లమెడ కొంగ పిల్లలు రెండు ఎగిరాయి. మూడోది ఏమైందో తెలియలేదు. గూడు ఖాళీ అయింది.

వచ్చే సీజన్ పనులు. వరద తగ్గాక తిన్నెలు, పాయల లోతులు మళ్లీ కొలవాలి, ఏటా చోటు మారుతుంది కాబట్టి పాత కొలత పనికిరాదు. ట్రాక్టర్ల దాటు మార్పును నోటిమాటగా వదలకుండా గ్రామసభ తీర్మానంగా రాయించాలి. అవతలి ఒడ్డు మత్స్యకారుల సంఘం ఇంకా ఒప్పందంలో చేరలేదు, వాళ్ల రేవు ఎగువన ఉంది, మందు అక్కడ పడితే రెండు గంటల్లో మా పాయకు దిగుతుంది. ఇవతలి సంఘం పెద్దాయన తానే వచ్చి మాట్లాడతానన్నారు. నవంబరు మొదటి వారంలోపు రెండు సంఘాల సంతకాలూ ఒకే కాగితం మీద ఉండాలి.